మూడు వాటాల దేవత

పోయిన నెల మా ఆఫీసుకి ఒక పని వచ్చింది. జుగ్సలాయిలో ఒక పాత కోఠీకి, అంటే పెద్ద మేడకి, పూర్తి కొలతలు తీసి నక్షాలు గీయాలి. ప్రతి అంతస్తూ, ప్రతి గోడా, ప్రతి కిటికీ. ఆదిత్యపూర్‌లో మాది చిన్న డిజైన్ ఆఫీసు. షెడ్లు, క్రేన్ గర్డర్లు, మెషిన్ల పునాదులు, ఇవే మా రోజువారీ గీతలు. పాత ఇళ్ళ పని మా దాకా రాదు. కాగితం మీద చిరునామా చదవగానే కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. "క్యా హువా భయ్యా, సాంప్ దేఖ్ లియా?" అన్నాడు పక్క టేబుల్ కుర్రాడు. పాము కాదు, బుర్జ్ కోఠీ. నేను పుట్టింది, హైస్కూలు దాకా పెరిగింది ఆ ఇంట్లోనే. ఆ ఇంటిని కొలవమని ఎవరో నన్నే అడుగుతున్నారు! ఆ సాయంత్రం లేజర్ మీటరుకి కొత్త బ్యాటరీలు వేశాను, అవసరం లేకపోయినా.

మర్నాడు వెళ్ళి ముందు గేటు బయట నిలబడి చూశాను. చిన్నప్పుడు లోపల ఉండి చూడనివన్నీ ఇప్పుడు కనిపించాయి. జాబితాలు రాసుకోవడం నాకు మొదట్నించీ ఉన్న జబ్బు. జేబులో పెన్సిలు ఉండగా ఆగలేను. వీధి మూలన ఎనిమిది పలకల బురుజు, దాని నెత్తిన చేపపొలుసుల్లా పేర్చిన రేకుల టోపీ. అందుకే అది బుర్జ్ కోఠీ. ముందు వరండాకి పోత ఇనుప స్తంభాలు, ఏ రెండూ ఒక్కలా లేవు. ఒకదానికి ద్రాక్షగుత్తి, ఒకదానికి మొక్కజొన్న కంకి, ఒకదానికి మరీ పల్చగా ఉన్న సింహం. కలకత్తాలో వేలం వేసినప్పుడల్లా ఒక్కొక్కటీ కొన్నారేమో. గుర్రబ్బండి ఆగడానికి కట్టిన పోర్టికో ఎంత ఇరుకంటే, గుర్రం దూరుతుంది, బండి దూరదు. వేసవిలో కుళాయి నీళ్ళు కూడా చెయ్యి కాల్చే ఈ ఊళ్ళో ప్రతి గదికీ దొరల ఇళ్ళలో లాగా చలిమంట గూడు, పైన పొగగొట్టం. బురుజులో మెలికలు తిరిగే మెట్లు పైకంటా వెళ్ళి ఒక గోడ దగ్గర ఆగిపోతాయి. ఆ గోడకి కిటికీ, ఆ కిటికీ తెరిస్తే ఇంకో గది. ఇక అన్నిటికంటే గొప్పది, మేడమీద తూర్పువైపు గాల్లోకి తెరుచుకునే తలుపు. బాల్కనీ కట్టాలనుకున్నారు, తలుపు పెట్టారు, బాల్కనీ మర్చిపోయారు.

ఊళ్ళో ఉక్కు కార్ఖానా పొగ లేవకముందు, స్టేషన్ని కాలీమాటీ అని పిలిచే రోజులకంటే కూడా ముందు, లక్క వ్యాపారంలో బాగుపడ్డ ఒక సేఠ్ ఈ కోఠీ కట్టించాడని చెప్పేవారు. విక్టోరియా రాణి కాలం నాటిదని మా వీధిలో అందరూ గర్వంగా అనేవారు, రాణి స్వయంగా వచ్చి కొబ్బరికాయ కొట్టినట్టు. కాలం సంగతి నేను ప్రమాణం చెయ్యను. కానీ ఆయన కలకత్తా వెళ్ళి దొరల మేడల్ని వీధిలోంచి చూసి, లోపల ఎలా ఉంటాయో ఊహించి కట్టించాడన్నది మాత్రం ప్రతి మూలా చెబుతుంది. నక్షా లేకుండా ఉత్సాహంతో కట్టిన ఇల్లు అది. నేను ఇంజనీరింగ్ చదివింది కూడా, ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఇల్లు ఎలా నిలబడిందో తెలుసుకోవడానికేనేమో.

మా నాన్న సింహాచలం టెక్కలి దగ్గర్నుంచి పనికోసం వచ్చి, ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫౌండ్రీలో పేటర్న్ మిస్త్రీగా కుదురుకున్నాడు. అంటే ఇనుముతో ఏ వస్తువు పోత పొయ్యాలో దాన్ని ముందు కర్రతో చేసిచ్చే పని. మేమూ, ఇంకో రెండు కుటుంబాలూ మేడమీది డాన్స్ హాల్లో అద్దెకుండేవాళ్ళం. సేఠ్‌ల ఇంట్లో ఎవరూ ఎన్నడూ డాన్స్ చేసింది లేదు. ఆ పొడవాటి హాలుని ఎప్పుడో ప్యాకింగ్ పెట్టెల చెక్కలతో, గోనెపట్టాలతో అడ్డంగా మూడు వాటాలు చేశారు. ఆ అడ్డుగోడలు దాదాపు సీలింగు దాకా ఉండేవి. తూర్పు వాటా మాది, గాలి తలుపుతో సహా. మధ్య వాటా చౌబేజీ వాళ్ళది, ఆయన రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసేవాడు. పడమటి వాటా పాఢీ బాబుది, బరంపురం మనిషి, ట్రాన్స్‌పోర్ట్ గుమాస్తా. ఒడియావాడైనా తెలుగు మాలాగే మాట్లాడేవాడు, మాకంటే ఎక్కువ మాట్లాడేవాడు.

పొద్దున్నే కార్ఖానా సైరన్ తో లేచేవాళ్ళం. అమ్మ గాలి తలుపు గొలుసు వదులు చేసి, తాడుకి బుట్ట కట్టి కిందికి దించేది. కూరగాయలవాడు అందులో వంకాయలు వేసి, "రావ్ భాభీ, ఖీంచియే!" అని, లాగమని అరిచేవాడు. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు ఎవరైనా రావ్‌జీలే, వాళ్ళ భార్యలందరూ రావ్ భాభీలే. వంట అంతా చౌబేజీ వాటాలో ఉన్న చలిమంట గూట్లో. దొరల చలి కోసం కట్టిన గూడు, రెండుపక్కలా పాలరాతి సింహాలు, మధ్యలో మూడు కుటుంబాల బొగ్గు పొయ్యిలు. పొగ బుద్ధిగా గొట్టంలోకి పోయేది. వీధి వీధంతా సాయంత్రాలు కళ్ళు నులుముకుంటుంటే మా ఆడవాళ్ళు మాత్రం దర్జాగా కూర్చుని వండేవారు. చౌబేజీ భార్య, మా చాచీ, నీచు తినదు కనక చేపలకి మాత్రం వరండా. బొగ్గుపొడిలో మట్టి కలిపి, లడ్డూల్లా చుట్టి ఎండబెట్టే గుల్ చెయ్యడం మా పిల్లల పని. నాకూ, చౌబేజీ కూతురు గుడ్డీకీ రోజూ దానిమీద పోటీ. ఎవరి గుల్ గుండ్రంగా ఉందని. నేను మూతతో కొలిచేవాణ్ణి. అది కొలవకుండానే గెలిచేది. కింద గోదాముల్లోంచి బెల్లం, ఎండుమిర్చి, ఆవనూనె వాసనలు కలిసి పైకొచ్చేవి. ఇప్పటికీ ఆ మూడూ ఒకేసారి ముక్కుకి తగిలితే నా చేతులు నల్లబడ్డాయేమోనని చూసుకుంటాను.

సీలింగు సంగతి చెప్పాలి. సున్నపు గచ్చుతో పోత పోసిన బొమ్మలు నిండా. తీగలు, పళ్ళు, గుండ్రటి పూలు, వాటి మధ్య హాలు పొడవునా ఎగురుతున్న ఒక పెద్ద ఆకారం. అడ్డుగోడల వల్ల అది మాకు ముక్కలుగా వచ్చింది. మా వాటాకి కాళ్ళు వచ్చాయి. గజ్జెలున్న రెండు పాదాలు, గాలికి ఎగురుతున్న కుచ్చిళ్ళు. మా మామ్మ, అంటే నాన్న తల్లి, పక్కమీంచి లేస్తూనే పైకి చూసి ఆ పాదాలకి దండం పెట్టేది. "అమ్మోరు. లచ్చింతల్లి పాదాలు" అనేది. చౌబేల వాటాకి నడుమూ, తీగల వాయిద్యం పట్టుకున్న చేతులూ, సగం రెక్కలూ. చాచీ అది సరస్వతి అని వసంత పంచమికి కింద పూలు పెట్టేది. పాఢీ వాటాలో ఉన్నది ఒక మగవాడి మొహం, తలపాగా, పెద్ద మీసాలు. అది వేరే బొమ్మని అందరి లెక్క. కాపలావాడేమోనని పాఢీ బాబు అనేవాడు. "మీకు దేవతలొచ్చారు, నాకు దర్వాన్ వచ్చాడు" అని. అడ్డుగోడలు సరిగ్గా మెడ దగ్గరా, మోకాళ్ళ దగ్గరా పడడంతో, మూడు గదులూ తిరిగి చూసినా ఎవరికీ ఏమీ తట్టలేదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం చౌబేల వాటాలో సీలింగు గచ్చు పెళ్ళ ఒకటి ఊడి మంచం మీద పడింది. మంచం మీద ఎవరూ లేరు, ఆరేసిన అప్పడాలు తప్ప. శబ్దానికి మూడు వాటాలూ పరిగెత్తుకొచ్చాయి. నాలుగు రోజుల్లో సేఠ్‌జీ వచ్చాడు. కోఠీ కట్టినాయనకి మునిమనవడు, మెయిన్ రోడ్డు మీద కొత్తింట్లో ఉండేవాడు, మేడమీదికి ఎన్నడూ ఎక్కింది లేదు. మెట్ల మీదే నిలబడి హిందీలో తేల్చేశాడు. దీపావళి దాటాక వచ్చే ఛఠ్ పండగ అయ్యాక హాలు ఖాళీ చేసెయ్యాలి, గచ్చంతా కొట్టించి మిర్చి గోదాం చేస్తాడు. రేపు ఎవరి నెత్తిమీదో పడితే పోలీసులు తన తలుపే కొడతారు. మాటలో తప్పు లేదు. అందుకే ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. ఆయన కలకత్తా వెళ్ళి పండగ దాటాక వస్తానన్నాడు.

ఆ తర్వాత నాన్న పర్సుడీహ్‌లో ఒక గది చూసొచ్చాడు. చౌబేజీ రైల్వే లైను అవతల చూశాడు. పాఢీ బాబు ఏమీ చూడలేదు, "నేను వరండాలో ఉంటా, నన్ను కూడా మిర్చి బస్తాల్లో లెక్కేసుకోండి" అన్నాడు. అమ్మ మాట్లాడ్డం తగ్గించింది. నేనూ గుడ్డీ గుల్ చెయ్యడం మానేశాం. వేరే ఇంట్లో ఆ గుండ్రాలు ఏ పొయ్యిలో పెడతారో తెలియక.

ఒక ఆదివారం నాన్న నేలమీద వెల్లకిలా పడుకుని, పొడవాటి వెదురుకర్రతో సీలింగుని మెల్లిగా తట్టడం మొదలుపెట్టాడు. తట్టడం, వినడం, జరగడం. మా వాటా అయ్యాక చౌబేజీ వాటాలోకి వెళ్ళి పడుకున్నాడు. "రావ్‌జీ, ఛత్ కీ నబ్జ్ దేఖ్ రహే హైఁ క్యా?" అన్నాడు చౌబేజీ, సీలింగు నాడి చూస్తున్నారా అని.

"బతికే ఉంది పండిట్‌జీ," అన్నాడు నాన్న లేవకుండానే. "దూలాలు గట్టిగా ఉన్నాయి. గచ్చు పట్టుకున్న సన్నబద్దలే వదిలేసినాయి. కొన్ని సోట్లే. డొల్ల సప్పుడు వత్తన్న కాడ బిగించేత్తే సాలు."

"దేంతో బిగిత్తావు? అన్నం మెతుకుల్తోనా?" అంది మామ్మ.

"ఇనుంతో."

నాన్న ఆలోచన ఇది. అరచెయ్యంత, తమలపాకు ఆకారంలో పల్చటి పోత ఇనుప బిళ్ళలు, మధ్యలో కన్నం. గచ్చుని కింద నుంచి గుంజలతో పైకి ఎత్తిపట్టి, కన్నంలోంచి పొడవాటి స్క్రూ దూలంలోకి దించితే, బిళ్ళ గచ్చుని అదిమి పడుతుంది. తర్వాత సున్నం కొడితే తీగల మధ్య ఇంకో ఆకు, అంతే. చదువుకునేటప్పుడు ఇలాంటి మరమ్మతుని పుస్తకంలో చూసి క్లాసులో గట్టిగా నవ్వాను. మాస్టారు బయటికి పంపారు. నాన్న ఏ పుస్తకమూ చూడలేదు, తన సరుకుతో తనకి తోచింది చేశాడంతే. ఫౌండ్రీ మాలిక్‌ని అడిగి, రోజూ పోత అయ్యాక మిగిలిన ఇనుముని ఆకుల అచ్చుల్లోకి పోయించుకున్నాడు. పాఢీ బాబు లారీల మీద పాత వెదుళ్ళు తెప్పించాడు. చౌబేజీ పార్సిల్ ఆఫీసు నుంచి చిరిగిన గోనెలు తెచ్చాడు, గుంజల తలలకి మెత్తగా చుట్టడానికి. గుంజలు నిలబెట్టాలంటే అడ్డుగోడలు తియ్యాలి. అవి ఎలాగూ చెదలు తిన్నవే. కొత్తవి చేసి పెడతానన్నాడు నాన్న.

దుర్గా పూజ అయిన వారం అడ్డుగోడలు తీశారు. ఆ రోజు నాకు ఇప్పటికీ బాగా గుర్తు. మొదటి గోడ ఒరిగేసరికి దుమ్ము. క్యాలెండర్లు, పాత సినిమా బొమ్మలు, ఒక పిల్లి గూడు. రెండోది ఒరిగేసరికి పడమటి కిటికీల రంగు గాజుల వెలుగు మొట్టమొదటిసారి మా గాలి తలుపు దాకా వచ్చింది. మామ్మ చీర ఆకుపచ్చగా అయిపోయింది. మేము మంచాలు పట్టేంత గదుల్లో బతికినవాళ్ళం. గుడ్డీ ఆ చివర్నుంచి ఈ చివరికి ఒక్క పరుగు తీసి, గోడకి చెయ్యి ఆనించి, మళ్ళీ ఆ చివరికి. నేను దాని వెనకాల. అప్పుడు పాఢీ బాబు "ఆగండి, ఆగండి!" అని అరిచాడు. అందరం తలలెత్తి చూశాం.

ఒకటే బొమ్మ. గజ్జెల కాళ్ళు, కుచ్చిళ్ళు, సన్నటి నడుం, తీగల వాయిద్యం, రెండు పెద్ద రెక్కలు, వాటి పైన తలపాగా, మీసాలు.

ముందు నవ్వింది మా అమ్మ. తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు ఆపారో తెలియదు. పాఢీ బాబు నేలమీద కూర్చుండిపోయాడు. "మా దర్వాన్ పేంటు మీ ఇంట్లో ఉందనుకున్నాను గానీ, చీర కట్టాడని అనుకోలేదు!" అన్నాడు.

చాచీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "హే భగవాన్, ఇత్‌నే సాల్ హమ్ కిస్‌కో ఫూల్ చఢాయే?" అంది. ఇన్నేళ్ళూ పూలు పెట్టింది ఎవరికి అని.

"సరస్వతీ మూఛ్‌వాలీ!" అని, మీసాల సరస్వతి అని గుడ్డీ గెంతింది. దాని వీపుమీద ఒక దెబ్బ పడింది.

"అమ్మా, నువ్వు పొద్దున్నే దండం పెట్టేది ఈయనకేనా?" అన్నాడు నాన్న.

మామ్మ తొణకలేదు. "నేను కాళ్ళకి పెట్టాను. మీసాలకి పెట్టలేదు" అంది.

ఆ తర్వాత పని పండగలా సాగింది. మూడు కుటుంబాలూ వరండాలో పడుకోవడం, పగలు హాల్లో గుంజలు. నాన్న ఫౌండ్రీ నుంచి వచ్చి వెదురు మంచె ఎక్కేవాడు. చౌబేజీ కింద ఏటవాలు చెక్కలు జొనిపి సుత్తితో కొట్టేవాడు, గచ్చు వెంట్రుకవాసి పైకి లేచేది, నాన్న "బస్, బస్!" అనేవాడు. ఆకు పెట్టి స్క్రూ తిప్పడం నావల్లే అవుతుందని పట్టుబట్టి నేనూ ఎక్కాను. మీసాల దగ్గర ఒక ఆకు నేనే బిగించాను. ఛఠ్ ఇంకా మూడు రోజులుందనగా ఆఖరి గుంజ తీశారు. రవ్వంత సున్నం కూడా రాలలేదు.

మిగిలింది అడ్డుగోడలు. సేఠ్ వచ్చేసరికి అంతా ఎప్పటిలాగే, ఇంకా గట్టిగా కనిపించాలని వీళ్ళ పథకం. నాన్న చౌబేజీ టేపుతో హాలు వెడల్పు కొలిచి, ఆ అంకెలు పట్టుకెళ్ళి, పేటర్న్ షాపులో ఖాళీ వేళ ఫ్రేములు చేసి, టెంపోలో తెచ్చాడు. చక్కటి పని, అతుకులు దువ్విన జుట్టులా ఉన్నాయి. పండగ అయిన మర్నాడు పొద్దున్నే నిలబెట్టారు. ఒకటి, రెండు, మూడు. నాలుగోది పట్టదు. బెత్తెడు ఎక్కువ. రెండో వరసా అంతే, సరిగ్గా అంతే బెత్తెడు.

నాన్న ఫ్రేము చూశాడు, గోడ చూశాడు, తన జేబులోంచి స్కేలు తీసి చూసి, నుదురు కొట్టుకున్నాడు. కరిగిన ఇనుము చల్లారితే ముడుచుకుంటుంది. నూటికి ఒక వంతు. అందుకని పేటర్న్ మిస్త్రీ కర్రబొమ్మని ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్క కట్టక్కర్లేకుండా వాళ్ళకి వేరే స్కేలు ఉంటుంది. చూడ్డానికి మామూలు స్కేలే, కానీ దాని ఒక్కో అంగుళం అసలు అంగుళం కంటే రవ్వంత పొడుగు. నాన్న చేతికి మామూలు స్కేలు అలవాటే లేదు. హాలు కొలిచింది అసలు టేపుతో, ఫ్రేములు కోసింది ఫౌండ్రీ స్కేలుతో.

పాఢీ బాబుకి విషయం అర్థమయ్యాక ఇక పట్టలేం. "సింహాచలం, కంగారు పడకు. గోడలు సల్లారనీ. సల్లారితే అవే కుంచించుకుంటాయి!"

"రావ్‌జీ, ఫూంక్ మారూఁ?" అన్నాడు చౌబేజీ, ఊదమంటారా అని.

"నవ్వండి, నవ్వండి. రంపం తెండి ముందు" అన్నాడు నాన్న. ఆయనకీ నవ్వొస్తోంది.

అదే సమయానికి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సేఠ్‌జీ. రాత్రి బండికి దిగి తిన్నగా వచ్చాడు. ఖాళీ చేశారో లేదో చూడ్డానికి వచ్చినవాడు గుమ్మంలో ఆగిపోయాడు. హాలు మొత్తం తెరిచి ఉంది, గాలి తలుపులోంచి ఎండ నేలంతా పరుచుకుంది. ఆయన తల మెల్లగా పైకి లేచింది. హాలు చివరి దాకా అలాగే తల ఎత్తుకుని నడిచి, మీసాల కింద నిలబడి, "పర్‌దాదా!" అన్నాడు. వ్యాపారం చేసే గద్దీలో గోడమీద ఉన్న పటంలోని ముత్తాత మొహమే అది. సేఠ్‌జీ పుట్టకముందే హాలు వాటాలైపోయింది. తన ముత్తాత రెక్కలు కట్టుకుని ఇక్కడ ఎగురుతున్నాడని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

సేఠ్‌జీ చాపమీద, తెల్లటి ధోవతితో సహా, వెల్లకిలా పడుకున్నాడు. చాలాసేపు చూశాడు. నాన్న ఆకుల సంగతి చెబుతుంటే విన్నాడు, ఒక గుంజతో తట్టించుకుని చప్పుడు విన్నాడు. మా మొహాలు వెలిగాయి. అప్పుడు లేచి కూర్చుని ఆయన అన్న మాట మాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఇంత గొప్ప హాలు గోదాం చెయ్యడం పాపం, అద్దెకివ్వడం అంతకన్నా పాపం. ఖాళీ చేయించి, శుభ్రం చేసి, తాళం వేసి భద్రంగా ఉంచుతాడట. పండగలకి చుట్టాలకి చూపిస్తాడట.

మేము బిగించిన ఆకులే మమ్మల్ని బయటికి తోస్తున్నాయి. నాన్న చేతిలో రంపం అలాగే ఉంది.

మాట్లాడింది అమ్మ. అమ్మ హిందీ కూరగాయలవాడితో నేర్చుకున్న హిందీ, కోపం వస్తే తెలుగులోకి జారిపోయేది. "తాళం వేత్తారా బాబూ? వెయ్యండి. సీలింగు ఊడినప్పుడు కౌన్ దేఖా? హమ్ దేఖా. మంచం మీద పడింది గనక సూశాం. తాళం ఏసిన గదిలో పడితే ఎవరు సూత్తారు? అగ్లే సాల్ మీరొచ్చి తలుపు తీసేసరికి మీ తాతగారు కింద ఉంటారు, ముక్కలై. కింద పడుకునేవాడే పైకి సూత్తాడు బాబూ. ఇంకెవడూ సూడ్డు."

చౌబేజీ దాన్ని మంచి హిందీలో మళ్ళీ చెప్పబోయాడు. సేఠ్‌జీ చెయ్యెత్తి ఆపాడు. అర్థమైంది. ఆయన మళ్ళీ పైకి చూశాడు, మళ్ళీ అమ్మని చూశాడు. "ఇన్‌కే నీచే కౌన్ సోతా హై?" అని అడిగాడు, ఈయన మొహం కింద పడుకునేదెవరు అని.

"నేనే," అన్నాడు పాఢీ బాబు. "ఆయన గురక పెట్టడు, అదొక్కటే తేడా."

సేఠ్‌జీ నవ్వాడు. ఉండమన్నాడు. ఒక్క షరతు మీద: గోడలు మనిషి ఎత్తు దాటకూడదు, తాతగారు ఎప్పుడూ ఒక్క ముక్కగా కనిపించాలి. నాన్న రంపం అప్పటికప్పుడే మొదలైంది. ఇప్పుడు అడ్డమూ కొయ్యాలి, నిలువూ కొయ్యాలి.

ఆ తర్వాత మేమున్న సంవత్సరాలన్నీ ఒకే సీలింగు కింద. మధ్య వాటాలో పప్పు పోపు వేస్తే ఇటూ అటూ తుమ్ములు. గోడమీంచి గిన్నెలు చేతులు మారేవి, ఉప్పు, పెరుగు, థెర్మామీటరు, గుడ్డీ హోంవర్కు. చౌబేజీ రేడియో మా రేడియో. ఎవరింట్లో దెబ్బలాట అయినా మూడిళ్ళలో తీర్పు. కష్టం కూడా ఉండేది, ఏ రహస్యమూ నిలిచేది కాదు. ఇప్పుడు నేనుంటున్న ఫ్లాటు సీలింగు చేతికి అందేంత ఎత్తు, నున్నగా, తెల్లగా, ఎల్ఈడీ దీపాలతో. పక్క ఫ్లాటులో ఎవరున్నారో నాకు తలుపు మీద బోర్డు చూస్తే గానీ తెలియదు. ఆ రోజులే బాగున్నాయని అననుగానీ, నేను గీసే ప్రతి గదికీ పడుకుని చూస్తే ఏం కనిపిస్తుందో అని ఒక్క నిమిషం ఆలోచిస్తాను. నక్షాల్లో ఆ నిమిషానికి గడి లేదు.

మొన్న కొలతలకి వెళ్ళినప్పుడు ఆ హాల్లో నర్సింగ్ చదివే అమ్మాయిలున్నారు, తక్కువ ఎత్తు ప్లైవుడ్ గోడల మధ్య. నేను ఎవరో, ఎందుకొచ్చానో చెబుతూ కింద నుంచి ఫోను వచ్చింది కనక లోపలికి రానిచ్చారు. లేజర్ మీటరు మూడుకాళ్ళ స్టాండు మీద పెడుతున్నాను. ఒకమ్మాయి, రాంచీ వైపు మనిషిలా ఉంది, "సర్, ఏక్ చీజ్ దేఖియేగా?" అని, ఒకటి చూస్తారా అని ఉత్తరపు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. కిటికీ పైనుంచి సీలింగు వైపు వెంట్రుకంత సన్నటి బీట. దానిమీద అక్కడక్కడ అడ్డంగా అంటించిన ఎర్రటి బొట్టుబిళ్ళలు, సగం బీటకి ఇటు, సగం అటు. పక్కనే గోడమీద పెన్సిలుతో తేదీలు.

"బీట పెరిగితే బొట్టు చిరుగుతుంది, లేదా ఊడుతుంది," అంది. "మంచమెక్కి మేమే అంటించాం. వానలన్నీ దాటినా ఒక్కటీ ఊడలేదు. ఊడితే ఫోన్ చేద్దామని మాలిక్ నంబరు రాసి పెట్టుకున్నాం."

ఇదే పనికి మేము గాజు ముక్కలు వాడతాం, ఒక పేజీ నిండా నియమాలతో. నాకు ఎంత సంతోషమైందంటే గోడమీది తేదీలన్నీ ఒక్కొక్కటే చదివాను. "ఎందుకు చూస్తున్నారు ఇదంతా? అద్దె గదే కదా?" అన్నాను చివరికి.

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. "మేమే కదా సర్ దీని కింద పడుకునేది" అంది.